కుడివైపు మూస్తే సున్నా ఎందుకొచ్చింది?

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియం. మొన్న ఇంటర్నల్ పరీక్షలో గామా(ఎస్)కి ఇన్వర్స్ మెలిన్ ట్రాన్స్‌ఫామ్ కనుక్కోమన్నారు. ఎక్స్ ఒకటి కన్నా పెద్దదైతే 'ఎక్స్ పవర్ మైనస్ ఎస్' కుడివైపు తగ్గిపోతుంది కదా అని కుడివైపు అర్ధవృత్తం గీసి మూశాను. అటు పోల్స్ (ఫంక్షన్ అనంతానికి పోయే బిందువులు) లేవు కాబట్టి జవాబు సున్నా అని రాశాను. అడ్డంగా కొట్టేశారు. అడిగితే, 'గామా వస్తే ఎడమవైపే మూయాలి, అంతే' అన్నారు. కానీ గామా(ఎస్) × గామా(1−ఎస్) లెక్కలో మాత్రం ఎక్స్ ఒకటి కన్నా పెద్దదైతే కుడివైపే మూసి చూపించారు. నేను ఏది నమ్మాలి? చిక్కడపల్లి లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ ఈ చోటు దగ్గర 'ఇది స్పష్టమే' అని దాటేశాయి. నెట్ పరీక్ష దగ్గరకొస్తోంది, టెన్షన్‌గా ఉంది. రూల్ బట్టీ పట్టేయమంటారా?
ఒక విద్యార్థిని, విద్యానగర్

జవాబు: అమ్మా, బట్టీ పట్టొద్దు. 'ఒక లెక్కలో అలా, ఇంకో లెక్కలో ఇలా ఎందుకు' అని నీకు తట్టిందంటే నువ్వు విషయం దగ్గరకు వచ్చేశావన్నమాట. నీ జవాబు తప్పే కానీ, నువ్వు చేసిందంతా తప్పు కాదు. ఒక్క అడుగు దగ్గర జారావు. దాన్ని పట్టుకుంటే ఈ లెక్కలన్నీ నీ చేతికి వస్తాయి.

ముందు రాత విషయం. ఎక్స్‌పోనెన్షియల్ ఫంక్షన్‌ని నేను ఎక్స్‌ప్ అని రాస్తాను. మిగతావి నీ నోట్సులో ఉన్నట్టే: ఎస్ కాంప్లెక్స్ చలరాశి, ఎక్స్ పాజిటివ్ సంఖ్య.

ఎక్స్‌ప్(−ఎక్స్)ని 'ఎక్స్ పవర్ (ఎస్−1)'తో గుణించి సున్నా నుంచి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేస్తే గామా(ఎస్) వస్తుంది. ఎస్ రియల్ పార్ట్ సున్నా కన్నా పెద్దదిగా ఉన్నచోట ఇది చెల్లుతుంది. అంటే ఎక్స్‌ప్(−ఎక్స్)కి మెలిన్ ట్రాన్స్‌ఫామే గామా. వెనక్కి రావాలంటే గామా(ఎస్)ని 'ఎక్స్ పవర్ −ఎస్'తో గుణించి, రియల్ పార్ట్ సి ఉన్నచోట నిలువు గీత మీద కింది నుంచి పైకి ఇంటిగ్రేట్ చేసి, 2×పై×ఐతో భాగించాలి. సి సున్నా కన్నా పెద్దది. ఫిన్‌లాండ్ గణిత శాస్త్రవేత్త మెలిన్ (1854–1933) పేరే దీనికి పెట్టారు.

ఇప్పుడు నీ కుడివైపుకి వద్దాం. అర్ధవృత్తం మాట మర్చిపో. ఈ లెక్కల్లో సగం గందరగోళం దాని వల్లే వస్తుంది. దాని బదులు దీర్ఘచతురస్రం గియ్యి. ఎడమ భుజం సి దగ్గర, కుడి భుజం ఎం అనే దూరంలో. పైనా కిందా హెచ్, −హెచ్ ఎత్తుల్లో అడ్డగీతలు. లోపల పోల్స్ లేవు కాబట్టి కోషీ సిద్ధాంతం ప్రకారం చుట్టూ తిరిగి వస్తే మొత్తం సున్నా. హెచ్ పెంచుతూ పోతే అడ్డగీతల మీది భాగం మాయమవుతుంది. ఎందుకంటే నిలువుగా పైకి పోయేకొద్దీ గామా సైజు దాదాపు ఎక్స్‌ప్(−పై×హెచ్/2) వేగంతో పడిపోతుంది. ముందు ఉండే హెచ్ పవర్లు దాన్ని ఆపలేవు. ఇక మిగిలింది రెండు నిలువు గీతలు. కోషీ చెప్పేది ఏమిటంటే, సి గీత మీది విలువా ఎం గీత మీది విలువా సమానం.

అంతే చెబుతోంది. సి గీత విలువ సున్నా అని చెప్పడం లేదు. దూరంగా ఉన్న భాగం దానంతటదే సున్నాకి పోతుందని నువ్వు అనుకున్నావు. చుట్టూ మొత్తం సున్నా, దూరపు భాగం సున్నా, కాబట్టి నా గీత కూడా సున్నా అని లెక్క తేల్చావు. దూరపు భాగం సున్నాకి పోదు. గీతని కుడివైపు ఎంత దూరం జరిపినా విలువ ఎక్స్‌ప్(−ఎక్స్)గానే కూర్చుంటుంది.

ఎక్స్ = 2 పెట్టి అంకెలు వేసి చూడు. ఎస్ = 10 దగ్గర గామా 3,62,880. 2 పవర్ 10 అంటే 1,024. భాగిస్తే 354 దాటుతుంది. ఎస్ = 20 దగ్గర గామా(20) అంటే 19 ఫ్యాక్టోరియల్, దాన్ని 2 పవర్ 20తో భాగిస్తే సుమారు 11,600 కోట్లు. నువ్వు 'తగ్గిపోతుంది' అన్న 'ఎక్స్ పవర్ −ఎస్' నిజంగానే తగ్గుతోంది, కానీ గామా దాన్ని మింగేస్తోంది. ఇంత పెద్ద అంకెలున్న గీత మీద కూడా ఇంటిగ్రల్ విలువ 0.1353 మాత్రమే, ఎందుకంటే పాజిటివ్‌లూ నెగటివ్‌లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కంప్యూటర్‌తో ఈ ఇంటిగ్రల్ వేయాలనుకుంటే మాత్రం అంత దూరం పోవద్దు, కొట్టివేతల్లో దశాంశ స్థానాలన్నీ పోతాయి. సి విలువ ఎక్స్ + 1/2 దగ్గర్లో పెట్టుకుంటే గీత హాయిగా నడుస్తుంది.

ఇక ఎడమవైపు. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళదాం, ఎందుకంటే నీ పుస్తకాలు దాటేసిన చోటు ఇదే. గామాకి పోల్స్ 0, −1, −2, −3 ఇలా ఉంటాయి. −ఎన్ దగ్గర రెసిడ్యూ, అంటే అక్కడ 1/(ఎస్+ఎన్) ముందుండే గుణకం: (−1) పవర్ ఎన్, భాగించు ఎన్ ఫ్యాక్టోరియల్. గీతని పోల్ మీద నిలబెట్టలేం కాబట్టి రెండు పోల్స్‌కి సరిగ్గా మధ్యలో, రియల్ పార్ట్ −ఎన్−1/2 దగ్గర నిలబెడదాం. అర్ధవృత్తం గీసినవాళ్లు ఏ వ్యాసార్థం తీసుకోవాలో తడబడేది ఇక్కడే. గీత జరిపేవాళ్లకి ఆ బెంగ లేదు.

ఆ గీత మీద గామా ఎంత ఉంటుంది? స్టర్లింగ్ ఫార్ములా అక్కర్లేదు. గామా(ఎస్+1) = ఎస్ × గామా(ఎస్) అన్నది మళ్లీ మళ్లీ వాడితే, గామా(ఎస్) అంటే గామా(ఎస్+ఎన్+1)ని ఎస్, ఎస్+1, … ఎస్+ఎన్ వీటన్నిటి లబ్ధంతో భాగించడమే. మన గీత మీద ఎస్ = −ఎన్ −1/2 + ఐటి (ఐ గుణించు టి, టి అంటే గీత మీద ఎత్తు). అప్పుడు లవంలో ఉండేది గామా(1/2 + ఐటి). దాని సైజు వర్గం కచ్చితంగా పై/కాష్(పై×టి) (కాష్ అంటే హైపర్బోలిక్ కొసైన్), ఎన్ ఎంతైనా అది మారదు. హారంలో ఒక్కో పదం సైజు దాని రియల్ పార్ట్ కన్నా తక్కువ ఉండదు. ఆ రియల్ పార్ట్‌లు సైజులో 1/2, 3/2, 5/2, … ఎన్+1/2. వీటి లబ్ధం ఎన్ ఫ్యాక్టోరియల్‌లో సగం కన్నా ఎక్కువే: మొదటిది 1/2, తర్వాతివి వరసగా 1, 2, … ఎన్ కన్నా పెద్దవి. కాష్ ఉన్న ఇంటిగ్రల్ ఒక స్థిరసంఖ్య. స్థిరాంకాలన్నీ గుణిస్తే 1 కన్నా కొంచెం తక్కువే వస్తుంది. కాబట్టి ఆ దూరపు గీత మీది మొత్తం విలువ,

(ఎక్స్ పవర్ (ఎన్+1/2)) / ఎన్ ఫ్యాక్టోరియల్

కన్నా తక్కువ. ఎక్స్ ఎంత పెద్దదైనా సరే, ఎన్ పెంచుతూ పోతే చివరికి ఫ్యాక్టోరియల్‌దే పైచేయి. ఎక్స్ = 100 అయితే ఎన్ వంద దాటాకే ఈ హద్దు తగ్గడం మొదలవుతుంది, అంతే తేడా. ఇక్కడ ఎక్స్ ఒకటి కన్నా పెద్దదా చిన్నదా అన్న ప్రశ్నే పుట్టదు.

ఇప్పుడు సి నుంచి −ఎన్−1/2 దాకా జరిగేటప్పుడు దాటిన పోల్స్ రెసిడ్యూలు కూడు: 1 − ఎక్స్ + ఎక్స్ వర్గం/2 − ఎక్స్ ఘనం/6 + … అదే ఎక్స్‌ప్(−ఎక్స్). ఎక్స్ = 1, ఎన్ = 5 దాకా కూడితే 0.36667 వస్తుంది. అసలు విలువ 0.36788. తేడా 0.0012. మనం వేసుకున్న హద్దు 1/120, అంటే 0.0083, లోపలే ఉంది. దూరపు గీత మీద మిగిలిపోయిన ఇంటిగ్రల్ ఆ తేడానే. నువ్వు డిగ్రీలో చదివిన టేలర్ సిరీస్ శేషమే ఇక్కడ నిలువు గీతగా కనిపిస్తోంది. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

రెండో లెక్క ఎందుకు వేరు? గామా(ఎస్) × గామా(1−ఎస్) అంటే పై/సైన్(పై×ఎస్). సి సున్నాకీ ఒకటికీ మధ్యన ఉండాలి. పోల్స్ మధ్యలో ఏ నిలువు గీత మీద చూసినా దీని సైజు పై/కాష్(పై×టి)యే. కుడికి పోతే పెరగదు, ఎడమకి పోతే తగ్గదు. ఒక గామా ఎంత పెంచుతుందో ఇంకో గామా అంత తగ్గిస్తుంది. ఇద్దరూ సమానమయ్యాక తీర్పు 'ఎక్స్ పవర్ −ఎస్' చేతికి వస్తుంది. ఎక్స్ ఒకటి కన్నా చిన్నదైతే ఎడమకి: 1 − ఎక్స్ + ఎక్స్ వర్గం − … ఎక్స్ ఒకటి కన్నా పెద్దదైతే కుడికి, 1, 2, 3 దగ్గరున్న పోల్స్ దాటుతూ. కుడికి జరిగితే తిరిగే దిశ మారుతుంది కాబట్టి మైనస్ పడుతుంది: 1/ఎక్స్ − 1/ఎక్స్ వర్గం + … రెండు సిరీస్‌లూ చేరేది 1/(1+ఎక్స్)కే. ఎక్స్ = 1 దగ్గర ఏ వైపూ మూయడం కుదరదు, కానీ సి = 1/2 పెట్టి నేరుగా ఇంటిగ్రేట్ చేస్తే 1/2 వస్తుంది. సరిగ్గా సరిపోయింది కదా.

నీ సున్నా జవాబు నిజంగా ఒప్పయ్యే లెక్క కూడా ఒకటుంది. గామా(ఎస్)/గామా(ఎస్+1) తీసుకో. అది 1/ఎస్ మాత్రమే. సి పాజిటివ్. ఇక్కడ కూడా పెంచేదీ తగ్గించేదీ ఎస్ పరంగా సమానం. ఎక్స్ ఒకటి కన్నా చిన్నదైతే ఎడమవైపు ఒక్క పోల్, జవాబు 1. ఎక్స్ ఒకటి కన్నా పెద్దదైతే కుడివైపు పోల్స్ లేవు, దూరపు భాగం నిజంగానే పోతుంది, జవాబు సున్నా. నంబర్ థియరీలో పెరాన్ ఫార్ములా అంటారే, దాని గుండెకాయ ఇదే. నువ్వు ఈ రూల్ ఇలాంటి చోటే నేర్చుకుని గామా దగ్గరకు మోసుకొచ్చి ఉంటావు.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది వైపు కాదు, వైపు ఎలా తేలుతుందో. లవంలో ఉన్న గామాల్లో ఎస్ ముందున్న గుణకాలు కూడు. హారంలో ఉన్న గామాల గుణకాలు అందులోంచి తీసెయ్. పాజిటివ్ వస్తే ఎడమకి, నెగటివ్ వస్తే కుడికి, ఎక్స్‌తో పని లేదు. సున్నా వస్తేనే ఎక్స్‌ని అడగాలి. గామా(ఎస్)కి 1, ఎడమ. గామా(1−ఎస్) ఒక్కటే ఉంటే −1, కుడి. అప్పుడు జవాబు ఎక్స్‌ప్(−1/ఎక్స్)ని ఎక్స్‌తో భాగించినది. గుణకాలు 2, 3 లాంటివైతే ఎక్స్ సరిహద్దు 1 కాకుండా వేరే సంఖ్య కావచ్చు, అది చూసుకోవాలి. ఇంకొకటి, హారంలో గామాలు ఉంటే నిలువుగా పైకి పోయేటప్పుడు పడిపోయే వేగం తగ్గుతుంది. అసలు ఇంటిగ్రల్ కన్వర్జ్ అవుతుందా అన్నది ముందు చూడు.

సి సంగతి కూడా తేలిగ్గా తీసుకోకు. ప్రశ్నలో 'సి సున్నా కన్నా పెద్దది' అని రాసి ఉంటే అది అలంకారం కాదు. అదే గామా(ఎస్)ని, సి −1కీ 0కీ మధ్య పెట్టి అడిగితే జవాబు ఎక్స్‌ప్(−ఎక్స్) − 1. ఇంకో మెట్టు ఎడమకి, −2కీ −1కీ మధ్య పెడితే ఎక్స్‌ప్(−ఎక్స్) − 1 + ఎక్స్. దాటిన ప్రతి పోల్ రెసిడ్యూ లెక్కలోంచి పోతుంది. నెట్ పార్ట్–సిలో ఒకటి కన్నా ఎక్కువ ఆప్షన్లు ఒప్పయ్యే ప్రశ్నలు ఉంటాయి కదా, అక్కడ ఇలాంటి మెలిక పెట్టడానికి బాగా వీలుంటుంది.

డబుల్ పోల్స్ గురించి నువ్వు అడగలేదు కానీ తర్వాత చాప్టర్‌లో ఎదురయ్యేది అదే. గామా(ఎస్) వర్గం తీసుకో. ప్రతి పోల్ రెండింతలవుతుంది. −ఎన్ దగ్గర గామాని విప్పి రెసిడ్యూని బయటికి తీస్తే, బ్రాకెట్‌లో ముందు 1/(ఎస్+ఎన్), తర్వాత డైగామా(ఎన్+1) అనే స్థిరసంఖ్య వస్తాయి (డైగామా అంటే లాగ్ గామా డెరివేటివ్). ఈ బ్రాకెట్‌ని వర్గం చేస్తే 1/(ఎస్+ఎన్) ముందు 2×డైగామా(ఎన్+1) పడుతుంది. 'ఎక్స్ పవర్ −ఎస్'ని విప్పితే అక్కడినుంచి −లాగ్ ఎక్స్ వచ్చి చేరుతుంది. కాబట్టి రెసిడ్యూ: (ఎక్స్ పవర్ ఎన్) × (2×డైగామా(ఎన్+1) − లాగ్ ఎక్స్), భాగించు ఎన్ ఫ్యాక్టోరియల్ వర్గం. లాగ్ ఎక్కడి నుంచి ఊడిపడిందని భయపడేవాళ్లు చాలామంది, అది డబుల్ పోల్ పని. ఈ సిరీస్ మొత్తం 2 × కె–జీరో(2 రూట్ ఎక్స్), మోడిఫైడ్ బెసెల్ ఫంక్షన్. ఎక్స్ = 1 పెట్టి వేసుకో. డైగామా(1) అంటే ఆయిలర్ స్థిరాంకానికి మైనస్, అంటే −0.5772, కాబట్టి మొదటి పదం −1.1544, తర్వాతది 0.8456, ఆ తర్వాత 0.4614, 0.0698, 0.0052, 0.0002. కూడితే 0.2278. బెసెల్ టేబుల్లో కె–జీరో(2) విలువ 0.1139, దానికి రెండింతలు. మొదటి పదం నెగటివ్ వచ్చిందని కంగారుపడి పెన్ను కింద పెట్టొద్దు.

ఇన్వర్స్ లాప్లాస్ అని అడిగినా భయం లేదు. ఎక్స్ స్థానంలో ఎక్స్‌ప్(−టి) పెడితే ఇదే గీత, ఇదే లెక్క. రెండువైపుల లాప్లాస్ లెక్కన గామా(ఎస్)కి జవాబు ఎక్స్‌ప్(−ఎక్స్‌ప్(−టి)). స్టాటిస్టిక్స్ చదివే స్నేహితులుంటే అడుగు, గంబెల్ డిస్ట్రిబ్యూషన్ ఫంక్షన్ అని చెబుతారు.

రామానుజన్ గురించి ఒక మాట. 1913లో మద్రాసు యూనివర్సిటీకి పంపిన రిపోర్టుల్లో ఆయన ఈ దారినే అటునుంచి నడిచారు. ఎక్స్‌ప్(−ఎక్స్) సిరీస్‌లో ప్రతి పదాన్ని ఫై(ఎన్) అనే గుణకంతో గుణిస్తే, దాని మెలిన్ ట్రాన్స్‌ఫామ్ గామా(ఎస్) × ఫై(−ఎస్) అని. దీన్నే మాస్టర్ థీరమ్ అంటాం. ఏ ఫై లకి ఇది చెల్లుతుందో తర్వాత హార్డీ ఇదే గీత జరిపే పద్ధతిలో తేల్చారు. షరతు ఎందుకు కావాలో నీకిప్పుడు వెంటనే తెలుస్తుంది: ఫై(ఎన్) = సైన్(పై×ఎన్) పెట్టు. పూర్ణాంకాల దగ్గర అన్నీ సున్నాలే, సిరీస్ సున్నా, దాని ట్రాన్స్‌ఫామ్ కూడా సున్నా. కానీ గామా(ఎస్) × సైన్(−పై×ఎస్) సున్నా కాదు. సైన్ నిలువు దిశలో గామా తగ్గే వేగం కన్నా జోరుగా పెరిగిపోతుంది, దాంతో వెనక్కి వచ్చే ఇంటిగ్రలే నిలబడదు. నీ పరీక్ష పేపర్లో జరిగిందీ ఇలాంటిదే, దూరంగా ఏం జరుగుతోందో చూడకుండా దగ్గర పోల్స్ మాత్రమే చూడడం.

పరీక్షలో టైమ్ లేనప్పుడు ఆప్షన్లని జల్లెడ పట్టడానికి ఇది చాలు: ఎక్స్ సున్నాకి దగ్గరైతే ఫంక్షన్ ఎలా ఉంటుందో గీతకి ఎడమవైపు దగ్గరున్న పోల్ చెబుతుంది, ఎక్స్ చాలా పెద్దదైతే ఎలా ఉంటుందో కుడివైపు దగ్గరున్న పోల్ చెబుతుంది. గామా(ఎస్)కి ఎడమన సున్నా దగ్గర రెసిడ్యూ 1, కాబట్టి ఫంక్షన్ 1 దగ్గర మొదలవ్వాలి. కుడివైపు పోల్సే లేవు, కాబట్టి ఎక్స్ ఏ పవర్ కన్నా వేగంగానైనా తగ్గిపోవాలి. ఎక్స్‌ప్(−ఎక్స్)కి రెండూ సరిపోతాయి. కుడివైపు పోల్స్ లేకపోవడానికి అసలు అర్థం 'వేగంగా తగ్గుతుంది' అని, 'సున్నా' అని కాదు.

మీ లెక్చరర్ దగ్గరకు మళ్లీ వెళ్లు. మార్కుల కోసం కాదు, ఆ హద్దు లెక్క అర పేజీలో రాసి చూపించు. తెలుగు మీడియం అని వెనకాడకు. ఇంగ్లిష్ తడబడితే బోర్డు మీద సుద్దముక్కతో దీర్ఘచతురస్రం గియ్యి, మిగతాది అదే చెబుతుంది. మంచి ప్రశ్న తెచ్చిన విద్యార్థిని కాదనే మాస్టారు అరుదు.

ఇంటికి ఒక లెక్క ఇస్తున్నాను: గామా(ఎస్) × గామా(2−ఎస్), గీత 0కీ 2కీ మధ్య. గుణకాలు కూడితే సున్నా, కాబట్టి ఎక్స్‌ని అడగాలి. ఎడమవైపు −ఎన్ దగ్గర రెసిడ్యూలో (ఎన్+1) అనే గుణకం వస్తుంది, కుడివైపు పోల్స్ 2 నుంచి మొదలవుతాయి. రెండువైపుల నుంచీ 1/(1+ఎక్స్) వర్గమే రావాలి. కుడివైపు గుర్తు తేడాగా వస్తే దిశ మారినప్పుడు పడాల్సిన మైనస్ ఎక్కడో జారిపోయి ఉంటుంది, ముందు అక్కడ వెతుకు.